‘మోపు’ మాదేనని రుజువేంటి?

ప్రశ్న: మేము అక్కాచెల్లెళ్లం. మూడేళ్లుగా స్కూలు బ్యాగులు, ల్యాప్‌టాప్ బ్యాగులు, చేతిసంచులు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. మా బ్రాండు పేరు ‘మోపు’. ఆ పేరుతోనే కంపెనీ రిజిస్టర్ చేయించాం, వెబ్‌సైట్ పేరూ కొన్నాం. లోగో ఒక తెలిసినబ్బాయి గీసిచ్చాడు. నెల కిందట ‘మోపూస్’ అని ఇంకెవరో బ్యాగులు అమ్మడం మొదలుపెట్టారు. ట్యాగు కూడా మాదానిలాగే ఆకుపచ్చగా, గుండ్రంగా ఉంది. మొన్న ఒకాయన వాళ్ల బ్యాగు జిప్పు ఊడిందని ఫొటో తీసి మాకు పంపి నానా మాటలూ అన్నాడు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. కంపెనీ రిజిస్టర్ అయింది కదా, ఇంకేం కావాలి అంటుంది అక్క. మేం కలిసిన ఏజెంటేమో మొత్తం 45 క్లాసుల్లోనూ ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేసేయమంటున్నాడు. పేరుకు వేయాలా, లోగోకు వేయాలా? ఎవరి పేరు మీద వేయాలి? విదేశాల నుంచి కూడా అప్పుడప్పుడూ ఆర్డర్లు వస్తున్నాయి, అక్కడా వేయాలా? వాళ్ల మీద ఇప్పుడే కేసు పెట్టొచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఆ జిప్పు ఫొటోనూ, దాంతోపాటు వచ్చిన తిట్లనూ డిలీట్ చేయకండి. కోపంలో చేసేసి ఉంటే బ్యాకప్‌లో వెతికి తీయండి. మీకది అవమానంలా ఉంది. మా వృత్తిలో దాన్ని సాక్ష్యం అంటాం. ట్రేడ్‌మార్క్ గొడవ ఏ దేశంలో జరిగినా కోర్టు చివరికి తేల్చేది చాలావరకు ఒక్కటే: ఈ సరుకు ఎవరిదన్న విషయంలో కొనేవాళ్లు పొరబడతారా, లేదా? మామూలుగా లాయర్లు ‘పొరబడే అవకాశం ఉంది’ అని ఊహ మీద వాదిస్తారు. మీకు నిజంగా పొరబడిన మనిషే దొరికాడు. తేదీ, టైము, పంపినవారి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఒక ఫోల్డర్ తెరిచి అందులో వేయండి. ఆ ఫోల్డర్‌తో మనకు ఇంకా పని ఉంది.

ఇక అక్కగారి మాట. కంపెనీ పేరు నమోదు చేసే ఆఫీసు ప్రధానంగా చూసేది అలాంటి పేరుతో ఇంకో కంపెనీ ఉందా అని. బజారులో ఆ పేరు వేసుకుని ఎవరు ఏం అమ్ముతున్నారన్నది వాళ్లు పట్టించుకునే సంగతి కాదు. వెబ్‌సైట్ పేర్లు అమ్మేవాళ్లైతే ఆ మాత్రం కూడా చూడరు. పేరు ఖాళీగా ఉంది, మీరు డబ్బు కట్టారు, ఇచ్చేశారు. సరుకు మీద మీ పేరు ఇంకొకరు వేసుకోకుండా ఆపే హక్కు ఈ రెండింటితోనూ రాదు. కొత్త ఆవిష్కరణకైతే పేటెంటు, గీసిన బొమ్మకో రాసిన పుస్తకానికో కాపీరైటు, సరుకు ఎవరిదో చెప్పే గుర్తుకు ట్రేడ్‌మార్క్. ‘పేరు పేటెంటు చేయించాం సార్’ అంటూ వచ్చేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. పాపం, వాళ్లు ఏం చేయించారో కాగితాలు తిరగేస్తేగానీ తెలియదు.

అలాగని రిజిస్టర్ చేయించనివాళ్లకు హక్కే లేదని కాదు. భారత్, బ్రిటన్ లాంటి దేశాల్లో రిజిస్టర్ కాని పేరునైనా ముందు నుంచి వాడుతున్నవాళ్లు ‘పాసింగ్ ఆఫ్’ అనే దావా వేయొచ్చు. అమెరికాలో కూడా పేరు మీద హక్కు ప్రధానంగా వాడకం నుంచే పుడుతుంది. చైనా లాంటి చోట్ల మాత్రం మామూలుగా ముందు దరఖాస్తు పెట్టినవాడిదే పైచేయి. పాసింగ్ ఆఫ్ దారిలో చిక్కేమిటంటే బరువంతా మీ నెత్తినే ఉంటుంది. మీ పేరుకు జనంలో గుర్తింపు ఉందని, అవతలివాళ్ల పేరు చూసి జనం మోసపోతున్నారని, దానివల్ల మీకు నష్టం జరుగుతోందని అన్నీ మీరే రుజువు చేయాలి. సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఆ మొదటి మెట్టు ఎక్కాల్సిన పని తప్పుతుంది. అది చెల్లదని వాదించేవాడే రుజువులు తెచ్చుకోవాలి.

కానీ ఆ సర్టిఫికెట్టు మీరు దరఖాస్తులో ఏం రాశారో దాన్నిబట్టే మిమ్మల్ని కాపాడుతుంది. ఏ గుర్తు, ఏ సరుకుకు, ఎవరి పేరు మీద, ఏ దేశంలో అనే నాలుగు గడుల్లో రాసిందానికి దరిదాపుల్లోనే మీ హక్కు. దరఖాస్తు నింపడం అరగంట పని. ఆ అరగంటకు ముందు ఎంత ఆలోచించారన్నదే లెక్క. మీరు అడిగిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఈ నాలుగు గడుల గురించే కాబట్టి సరైన చోటే ఆగారు.

గడుల్లోకి వెళ్లేముందు ఈ రాత్రికే చేయాల్సిన పని వెతుకులాట. ట్రేడ్‌మార్క్ రిజిస్టరు రహస్యం కాదు. చాలా దేశాల రిజిస్ట్రీ వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. జెనీవాలో ఉండే ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, అందరూ వైపో అంటారు, నడిపే గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో అనేక దేశాల రికార్డులు ఒక్కచోటే దొరుకుతాయి. ‘మోపు’ అని ఒకసారి కొట్టి, ఏమీ రాలేదని ఊపిరి పీల్చుకోవద్దు. ఇంగ్లిషు అక్షరాల్లో ఒక ఓతో, రెండు ఓలతో, చివర యూతో, మధ్యలో రెండు పీలతో, ఇలా నోటికి ఒకేలా పలికే స్పెల్లింగులన్నీ కొట్టి చూడండి. ముందో వెనకో ఇంకో మాట తగిలించిన పేర్లు కూడా చూడండి. పేర్లు దగ్గరగా ఉన్నాయా లేదా అని పరీక్షించే అధికారి చూపునుబట్టీ, వినికిడినిబట్టీ, అర్థాన్నిబట్టీ కూడా తూస్తాడు. పైగా రెండు బ్యాగులు పక్కపక్కన పెట్టుకుని ఎవరూ కొనరు, ఎప్పుడో చూసిన పేరు సగం సగం గుర్తుతో కొంటారు అన్నది కోర్టులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట. ఫోన్ తెర మీద గోరంత బొమ్మలో ఆకుపచ్చ గుండ్రం కనబడగానే వేలుపెట్టి నొక్కేసిన మీ జిప్పు పెద్దమనిషి చేసింది అదే.

వెతికితే రెండు సంగతులు తేలతాయి. మీకంటే ముందే ఇంకెవరైనా ఇలాంటి పేరును బ్యాగులకు రిజిస్టర్ చేసుకున్నారా అన్నది మొదటిది. చేసుకుని ఉంటే, వినడానికి చేదుగా ఉన్నా, మోపూస్ సంగతి పక్కన పెట్టి మీరే ఎవరి హక్కుకైనా అడ్డొస్తున్నారేమో ముందు చూసుకోవాలి. రెండోది, మోపూస్ వాళ్లు దరఖాస్తు వేశారా అన్నది. వేసి ఉంటే రోజులు లెక్కపెట్టుకోవాలి. చాలా దేశాల్లో అధికారి పరీక్ష దాటిన దరఖాస్తును రిజిస్ట్రీ జర్నల్లో ప్రచురించి, ఇతరులు వ్యతిరేకించడానికి గడువు ఇస్తారు. భారత్‌లో 4 నెలలు, యూరోపియన్ యూనియన్‌లో 3 నెలలు, బ్రిటన్‌లో 2 నెలలు, అమెరికాలో 30 రోజులు. కొన్నిచోట్ల పొడిగింపు అడగొచ్చు. ఆ లోపల ‘ముందు నుంచి వాడుతున్నది మేము’ అని ఆధారాలతో వెళ్తే ఆపించే వీలుంటుంది. గడువు జారిపోతే రిజిస్టర్ అయినదాన్ని రద్దు చేయించడానికి పోరాడాలి. అది ఖర్చూ ఎక్కువ, ఓపికా ఎక్కువ.

ఆధారాలంటే మీ ఫోల్డరే. ‘మోపు’ పేరుతో అమ్మిన మొట్టమొదటి బ్యాగు బిల్లు దొరుకుతుందేమో చూడండి. అన్నింటికన్నా అది ముఖ్యం. తర్వాత ఏడాదివారీ అమ్మకాల లెక్క, ట్యాగులు ప్రింటు చేయించిన రసీదులు, తేదీలు తెలిసే ఫొటోలు, ప్రకటనలకు పెట్టిన ఖర్చు, కస్టమర్లు రాసిన మంచీ చెడూ. ఇవన్నీ ఇంట్లోనే ఎక్కడో ఉంటాయి. అవసరం పడ్డరోజున వెతికితే మాత్రం సగం కనిపించవు.

ఇప్పుడు మొదటి గడి, గుర్తు. మీ పేరు బాగుంది. మొహమాటానికి చెప్పడం లేదు. సరుకు ఏమిటో, ఎలాంటిదో నేరుగా చెప్పేసే పేర్లను రిజిస్ట్రీలు మామూలుగా ఒప్పుకోవు. ‘గట్టి సంచి’ అని పెట్టి ఉంటే, ఆ మాటలు సంచులు అమ్మే ప్రతివాడికీ కావాలి, మీ ఒక్కరికే రాసివ్వం అనేవారు. ఏళ్ల తరబడి వాడి జనం నోట అది మీ పేరేనని స్థిరపడితే కొన్నిసార్లు దొరుకుతుంది కానీ ఆ రుజువు తేలిక కాదు. అన్నింటికన్నా గట్టివి అర్థమే లేకుండా పుట్టించిన పేర్లు. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో ‘కొడాక్’ అని పెట్టాడు, ఏ భాషలోనూ దానికి అర్థం లేదు, కె అక్షరమంటే ఇష్టమని ముందూ వెనకా అదే పెట్టుకున్నాడు. ఉన్న మాటనే సంబంధంలేని సరుకుకు పెట్టడమూ గట్టిదే, కంప్యూటర్లకు యాపిల్ లాగా. మీ ‘మోపు’ ఆ తర్వాతి వరసలోది. గడ్డిమోపు, కట్టెలమోపు గుర్తొచ్చి, మోసేదేదో అని కొంచెం ఆలోచిస్తే అందుతుంది, కానీ సంచి అని చెప్పదు. ఇలాంటివాటికి దొరికే అవకాశం బాగానే ఉంటుంది. ఆ మాట అధికారికి తెలియని భాషలోదైతే చాలా దేశాల్లో దరఖాస్తులో అర్థం రాయమంటారు. దాచకుండా రాయండి. నేరం మోపడంలోని మోపు కూడా ఉందనుకోండి, అది మోపూస్ వాళ్ల సంగతి వచ్చినప్పుడు చూద్దాం.

పేరా, లోగోనా? డబ్బు ఒక్కదానికే సరిపోయేలా ఉంటే పేరుకు వేయండి. ఏ డిజైనూ, రంగూ లేకుండా మామూలు అక్షరాల్లో వేస్తే, రేపు మీరు అక్షరాల తీరు మార్చినా, రంగు మార్చినా హక్కు అలాగే ఉంటుంది. లోగోకు వేస్తే ఆ లోగో కనిపించే తీరుకే రక్షణ ఎక్కువ. ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒకాయన అందమైన లోగో తెచ్చి ఇచ్చాడు, మధ్యలో పేరు వంకర టింకర అక్షరాల్లో ఉంది. పేరు అందులోనే ఉంది కదా అని నేను లోగో ఒక్కటే వేశాను. సర్టిఫికెట్టు వచ్చింది, స్వీట్లు కూడా తిన్నాం. రెండేళ్లకు ఆయన లోగో పూర్తిగా మార్చేశాడు. ఆ తర్వాత ఇంకొకరు అదే పేరుకు దగ్గరి పేరును వేరే బొమ్మతో తెచ్చారు. ‘మీ రిజిస్ట్రేషన్ బొమ్మలో మా బొమ్మ ఎక్కడుంది, అసలు ఆ బొమ్మ మీరే వాడటం లేదు కదా’ అన్నారు. చివరికి రాజీ కుదిరింది కానీ ఆయనకు పడ్డ ఖర్చుతో పేరుకు ఎన్నిసార్లు దరఖాస్తు వేయొచ్చో లెక్కేసి చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. అప్పటినుంచి లోగో తెచ్చినవాళ్లందరినీ ముందు బొమ్మ పక్కన పెట్టి పేరు పలకమంటాను.

మీ విషయంలో ఆకుపచ్చ గుండ్రం ట్యాగును కూడా వాళ్లు ఎత్తుకున్నారు కాబట్టి, వీలైతే రెండు దరఖాస్తులు వేయమంటాను. పేరుకు ఒకటి, ట్యాగు మీది లోగోకు ఒకటి. బ్యాగుల మీద పేరు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ వేస్తున్నారా? అలాగైతే ఏ లిపిలో ఎక్కువగా కనిపిస్తుందో ముందు దానికి వేయండి.

లోగో తెలిసినబ్బాయి గీశాడన్నారు. డబ్బు ఇచ్చి గీయించుకున్నా సరే, చాలా దేశాల్లో రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే కాపీరైటు మీ చేతికి వస్తుంది. లేకపోతే అది గీసినవాడిదే. ‘డబ్బులు అందాయి అక్కా’ అన్న మెసేజ్ చాలదు. ఒక పేజీ కాగితం మీద ఈ లోగో మీద సర్వహక్కులూ కంపెనీకి ఇచ్చేస్తున్నానని రాయించి సంతకం పెట్టించండి. ఇప్పుడైతే అబ్బాయి నవ్వుతూ పెడతాడు. మీ బ్రాండు పెద్దదయ్యాక అడిగితే అతనూ ఆలోచిస్తాడు.

రెండో గడి దగ్గరికి వద్దాం, సరుకులు. 1957లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రపంచంలోని సరుకులూ సేవలూ క్లాసులుగా విడిపోయాయి. ఇప్పుడు మొత్తం 45. ఒకటి నుంచి 34 దాకా సరుకులు, 35 నుంచి 45 దాకా సేవలు. బయటినుంచి చూస్తే బ్యాగు బ్యాగే కానీ ఈ పట్టికలో అది ఊరంతా తిరుగుతుంది. స్కూలు బ్యాగులు, వీపుకు తగిలించుకునేవి, హ్యాండ్‌బ్యాగులు 18వ క్లాసు. ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికనే తయారుచేసిన బ్యాగు 9వ క్లాసు, అంటే కంప్యూటర్లతో పాటు. పెన్సిలు పౌచ్ 16, కాగితాలూ స్టేషనరీ పక్కన. గోల్ఫ్ కర్రలు పెట్టుకునే బ్యాగు 28, ఆటవస్తువుల్లో. ఇక లంచ్ బాక్సు 21, బట్టలు 25. మీరిప్పుడు అమ్ముతున్నవాటికి 18, 9 తప్పనిసరి. ల్యాప్‌టాప్ బ్యాగు కూడా బ్యాగే కదా అని 18 ఒక్కటే వేసి తర్వాత నాలుక కరుచుకున్నవాళ్లున్నారు. పెన్సిలు పౌచ్‌లు తేవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే 16 కూడా కలపండి. అమ్మకాల సేవకు 35వ క్లాసు ఉంది. ఇతరుల బ్రాండ్లు కూడా మీ వెబ్‌సైట్లో పెట్టి అమ్మేరోజు వస్తే అప్పుడు దాని గురించి ఆలోచించొచ్చు. మీ సరుకే మీరు అమ్ముకుంటున్నంతకాలం నేనైతే దానికి డబ్బు పెట్టను.

ఏజెంటుగారు 45 అన్నారంటే, చాలా దేశాల్లో ఫీజు క్లాసు లెక్కన ఉంటుందని, ఆయన ఫీజు కూడా బహుశా అలాగే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. డబ్బు సంగతి అలా ఉంచినా, వాడని సరుకులకు తీసుకున్న రిజిస్ట్రేషన్ నిలబడదు. అమెరికా, జపాన్, చైనాల్లో 3 ఏళ్లు, భారత్‌లో, యూరోపియన్ యూనియన్‌లో 5 ఏళ్లు వరసగా వాడకపోతే ఎవరైనా రద్దు కోరవచ్చు. మందులకూ, ట్రాక్టర్లకూ ‘మోపు’ రిజిస్టర్ చేయించి ఏం చేస్తారు? క్లాసు ఎంచుకోవడం కన్నా దాని కింద సరుకులను ఒక్కొక్కటిగా ఎలా రాశారన్నది ఇంకా ముఖ్యం. ఆ పేరాను ఏజెంటు మీద వదిలేయకుండా మీరే కూర్చుని చదవండి.

మూడో గడి, ఎవరి పేరు మీద. వ్యాపారం నడుపుతున్నది కంపెనీ కాబట్టి కంపెనీ పేరు మీదే వేయండి. ఇక్కడ ఇంకో రకంగా ఆలోచించేవాళ్లూ ఉన్నారు. మార్కు మన సొంతపేరు మీద ఉంచుకుని కంపెనీకి వాడుకోవడానికి అనుమతి ఇద్దాం, కంపెనీ మునిగినా పేరు మిగులుతుంది అంటారు. అందులో తప్పులేదు, రాతకోతలు సరిగ్గా ఉంటే. కానీ ఇద్దరిలో ఒక్కరి పేరు మీద మాత్రం వేయకండి. అక్కాచెల్లెళ్ల మధ్య ఈరోజు ఆ మాట అనుకోవడమే ఇబ్బందిగా ఉంటుంది, నాకు తెలుసు. అన్నదమ్ములు, భార్యాభర్తలు, చిన్ననాటి స్నేహితులు విడిపోయిన కేసుల్లో యంత్రాలూ సరుకూ తేలికగా పంచుకున్నారు. పేరు దగ్గరే ఆగిపోయారు, ఎందుకంటే అది ఒక్కరి పేరు మీద ఉంది. ఒకవేళ ఎప్పుడైనా కంపెనీ మూసేయాల్సివస్తే, మూయకముందే మార్కును బదిలీ చేసుకోవడం మర్చిపోవద్దు.

నాలుగోది, దేశం. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికా దేశమే. బర్గర్ కింగ్ అంత పెద్ద కంపెనీ ఆస్ట్రేలియా వెళ్తే అక్కడ ఆ పేరు అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది. అందుకే ఆ దేశంలో ఇవాళ్టికీ ఆ దుకాణాల పేరు హంగ్రీ జాక్స్. మీకు అప్పుడప్పుడూ వచ్చే ఆర్డర్ల కోసం పది దేశాల్లో వేయాలని టెన్షన్ పడొద్దు. ముందు సొంత దేశంలో వేయండి. 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం, మొదటి దరఖాస్తు తేదీ నుంచి 6 నెలల్లోపు వేరే సభ్యదేశంలో వేస్తే, అక్కడ కూడా మీ మొదటి తేదీనే లెక్కకు తీసుకోమని అడగొచ్చు. ఆ 6 నెలల్లో ఆర్డర్లు నిజంగా ఎక్కడినుంచి వస్తున్నాయో చూసుకుని నిర్ణయించుకోండి. ఎక్కువ దేశాలైతే వైపో నడిపే మాడ్రిడ్ పద్ధతిలో ఒక్క దరఖాస్తుతో 130కి పైగా దేశాల్లోంచి కావలసినవి ఎంచుకోవచ్చు. అందులో ఒక మెలిక ఉంది. మొదటి 5 ఏళ్లూ అది మీ సొంత దేశపు దరఖాస్తు మీద ఆనుకుని ఉంటుంది, ఇక్కడిది కూలితే అక్కడివీ కూలతాయి. బ్యాగులు వేరే దేశంలో కుట్టిస్తుంటే మాత్రం ఆ దేశంలో ఆలస్యం చేయొద్దు. అమ్మకపోయినా సరే. అక్కడ ఇంకొకరు మీ పేరు రిజిస్టర్ చేసుకుంటే మీ సరుకు మీ దగ్గరికి బయలుదేరకుండానే ఆగిపోవచ్చు.

దరఖాస్తు వేశాక నెలల తరబడి ఏమీ కదలనట్టు ఉంటుంది, అది మామూలే. అధికారి అభ్యంతరం చెబుతూ ఉత్తరం పంపితే కంగారుపడకండి, అది తిరస్కారం కాదు. దానికి ఇచ్చిన గడువులోపు జవాబు వేయకపోతే మాత్రం దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. చాలా పేర్లు పోయేది అక్కడే, ఉత్తరం పాత ఈమెయిల్‌కు వెళ్లిందని, చూసుకోలేదని. సర్టిఫికెట్టు వచ్చేదాకా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం అప్పుడే వేయకండి, రిజిస్టర్ కాకుండా అది వేయడం భారత్ సహా చాలాచోట్ల నేరం.

ఇంకొకటి. మీ దరఖాస్తు బహిరంగం కాగానే అచ్చం ప్రభుత్వ కాగితంలా కనిపించే బిల్లులు ఇంటికి రావడం మొదలవుతుంది. ‘అంతర్జాతీయ రిజిస్టరులో మీ పేరు చేర్చాం, ఇన్ని రోజుల్లో ఇంత కట్టండి’ అని ఉంటుంది. రిజిస్టరు చూసి అడ్రసులు ఏరుకునేవాళ్ల పని అది. వైపోతో పాటు చాలా దేశాల రిజిస్ట్రీలు వీటి గురించి హెచ్చరికలు పెట్టాయి. ఏ బిల్లు వచ్చినా మీ ఏజెంటును అడగకుండా కట్టకండి.

మోపూస్ మీద ఇప్పుడే కేసా? ఇప్పుడే వద్దు. బహిరంగంగా తిట్లూ వద్దు, ‘దొంగలు’ అని పోస్టులూ వద్దు. ముందు వెతుకులాట ఫలితం, దరఖాస్తు నంబరు, ఫోల్డరు చేతిలో ఉండాలి. అప్పుడు లాయరు చేత మర్యాదగా ఒక ఉత్తరం రాయించండి. ఇన్నేళ్లుగా ఈ పేరు వాడుతున్నాం, ఇవిగో ఆధారాలు, ఇదిగో పొరబడిన కస్టమరు, ఫలానా తేదీలోగా పేరూ ట్యాగూ మార్చండి అని. లాయరు ఎందుకంటే, భారత్, బ్రిటన్, ఆస్ట్రేలియా చట్టాల్లో ఆధారంలేని బెదిరింపు ఉత్తరం అందుకున్నవాళ్లు తిరిగి మీ మీదే దావా వేసే వీలుంది. వాళ్లు మీకంటే ముందునుంచి ఇంకెక్కడో అమ్ముతున్నారని తేలితే నేరం మోపబోయి మీరే మోయాల్సి వస్తుంది. చిన్న వ్యాపారాలు చాలావరకు ఈ మొదటి ఉత్తరంతోనే దారికొస్తాయి. కొందరు నిజంగానే తెలియక పెట్టుకుని ఉంటారు, ఉన్న సరుకు అమ్ముకోవడానికి రెండు మూడు నెలలు అడుగుతారు. నేనైతే ఇచ్చేస్తాను, కాకపోతే కాగితం మీద. మొండికేస్తే కోర్టు ఎలాగూ ఉంది. ఆన్‌లైన్ మార్కెట్లలో ఫిర్యాదు చేయాలన్నా ఎక్కువచోట్ల ట్రేడ్‌మార్క్ నంబరు అడుగుతారు, కొన్నిచోట్ల పెండింగు దరఖాస్తు నంబరు కూడా ఒప్పుకుంటారు. అందుకే దరఖాస్తు ముందు, ఉత్తరం తర్వాత.

రిజిస్టర్ అయ్యాక చాలా దేశాల్లో 10 ఏళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. ఎన్నిసార్లయినా చేయించొచ్చు. బ్రిటన్‌లో 1876లో మొట్టమొదటిదిగా రిజిస్టరైన బాస్ బీరు ఎర్ర త్రికోణం అలాగే నిలిచింది. పేటెంటుకు, కాపీరైటుకు ఆయుష్షు ఉంది, దీనికి లేదు. కానీ పేరు ఇంకో రకంగా చచ్చిపోవచ్చు. మనం ‘జిరాక్స్ తీయించుకురా’ అంటాం, ఏ కంపెనీ మిషను మీద తీశారో పట్టదు. జిరాక్స్ కంపెనీ తన పేరును అలా వాడొద్దని ప్రకటనలు ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్క్, అది మెట్ల పేరే అయిపోయిందని 1950లో అమెరికాలో రద్దయింది. మీకు అంత పేరు రావాలనే కోరుకుంటున్నాను. వచ్చినా రాకపోయినా ట్యాగు మీద, బిల్లు మీద ‘మోపు బ్యాగు’ అని రాయండి. ‘ఒక మోపు కొనండి’ అని రాయకండి.

ఇంతకీ ఆ జిప్పు ఆయనకు జవాబిచ్చారా? ఇవ్వకపోతే ఇవాళే రాయండి. ఆ బ్యాగు మాది కాదండీ, పేరు దగ్గరగా ఉండటంతో పొరబాటు జరిగినట్టుంది, ఎక్కడ కొన్నారో చెప్పగలరా, బిల్లూ, ట్యాగు ఫొటో రెండువైపులా పంపగలరా అని అడగండి. ఆయన పంపినవి కూడా అదే ఫోల్డర్లో వేయండి.